మౌనరాగం: స్మృతికీ అనుభవానికీ నడుమ ఒక దాంపత్యం

వివాహానికి పూర్వం ఒక స్త్రీ హృదయంలో మరొక పురుషునికి స్థానం ఉండి ఉంటే, ఆ వివాహానికి పవిత్రత ఉంటుందా? ఈ ప్రశ్నను మన సమాజం బహిరంగంగా అడుగదు. అడుగవలసి వచ్చినప్పుడు సమాధానాన్ని ముందే నిశ్చయించుకొని అడుగుతుంది. 1986 ఆగస్టు 15న విడుదలైన 'మౌనరాగం' అనే తమిళ చలనచిత్రం ఆ ప్రశ్నను తొందరపాటు లేకుండా పరిశీలించింది. మణిరత్నం దర్శకత్వంలో రేవతి, మోహన్, కార్తీక్ నటించిన ఈ చిత్రం ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ పురస్కారాన్ని పొందింది. తెలుగులోనికి అనువదింపబడి మనవారికీ సుపరిచితమైంది. అయితే దీని తాత్పర్యాన్ని గూర్చి లోకంలో ప్రచారంలో ఉన్న ఒక అభిప్రాయం ధర్మదృష్టితో చూచినా, కథాదృష్టితో చూచినా నిలువదని ఈ వ్యాసంలో నివేదింపదలచాను.

"పెద్దలు కుదిర్చిన సంబంధమే చివరకు మేలైంది, పిల్ల మొదట మొండికేసినా మాంగల్యబలం ఆమెను మార్చింది" అన్నది ఆ అభిప్రాయం. అనేక గృహాలలో ఈ కథను ఇదే విధంగా ఉదాహరిస్తారు. పెండ్లికి సుముఖంగా లేని కన్యకు దీనిని హితబోధగా వినిపిస్తారు. ఇట్టి బోధవలన ఒక జీవితం నిర్ణయింపబడే అవకాశం ఉన్నది గనుక, ఇది కేవలం చలనచిత్ర రసాస్వాదనకు సంబంధించిన విషయం కాదు.

ముందుగా కథను సంగ్రహంగా స్మరింతము. మద్రాసు నగరవాసిని దివ్య పెండ్లిచూపుల నాడు కావాలనే ఆలస్యంగా ఇల్లు చేరుతుంది. వచ్చిన వరుడు చంద్రకుమార్ ఇంకా వేచియే ఉంటాడు. తన లోపాలను తానే ఏకరువు పెట్టి ఆయనను విముఖుణ్ణి చేయబోతే, ఆయన ఆమె నిష్కాపట్యాన్నే మెచ్చుకుంటాడు. ఆమె అంగీకరింపదు, ఇంట కలహం చెలరేగుతుంది, తండ్రికి గుండెపోటు వస్తుంది. ఆయన క్షేమం కొరకు ఆమె తల వంచుతుంది. వివాహానంతరం ఢిల్లీలో భర్త ఏమి కానుక కావాలని అడిగితే విడాకులు కావాలంటుంది. తాను ప్రేమించిన మనోహర్ తమ వివాహం జరుగవలసిన రోజుననే, రిజిస్ట్రారు కార్యాలయం ముంగిట, తన కళ్ళెదుటే పోలీసు తుపాకీ గుండుకు బలియైన వృత్తాంతాన్ని వివరిస్తుంది. న్యాయవాదిని ఆశ్రయిస్తే, పెండ్లియై ఒక సంవత్సరం గడువనిదే వ్యాజ్యం వేయరాదంటాడు. ఆ ఏడాది కాలమే చిత్రంలోని ప్రధాన కథ.

ఇక విచారణకు వద్దాము. మొదటి అంశం కన్యానుమతి. దివ్య పలికిన 'సరే' అన్న మాట అనుమతి అనదగినదేనా? తండ్రి ప్రాణభయం తులాదండంలో ఒక ప్రక్కన ఉన్నప్పుడు కుమార్తెకు నిజమైన ఎంపిక ఏముంటుంది? పితృభక్తి గొప్ప గుణమే. కాని ఆ గుణాన్ని సాధనంగా వాడుకొని ఆమె ఇచ్ఛను అణచివేయడం ధర్మం కాజాలదు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం కూడా, యుక్తవయస్కురాలైన కన్య మూడు సంవత్సరాలు వేచి చూచి, అటుపై తనకు తగిన వరుని తానే వరింపవచ్చుననీ, అందువలన ఆమెకు దోషం అంటదనీ చెప్పింది. పతివ్రతలకు ఆదర్శంగా మనం కొనియాడే సావిత్రి తన భర్తను తానే ఎన్నుకొన్నది. అశ్వపతి మహారాజు ఆమెను వరాన్వేషణకు స్వయంగా పంపినాడు. సత్యవంతుని ఆయువు ఒక్క సంవత్సరమే అని నారదుడు హెచ్చరించినా ఆమె మనస్సు చలింపలేదు. సావిత్రి పాతివ్రత్యానికి మూలం ఆమె స్వేచ్ఛ. స్వేచ్ఛను తొలగించి పాతివ్రత్యాన్ని మాత్రం ఆశించే పెద్దలు వేరును నరికి ఫలాన్ని కోరుతున్నారు.

రెండవ అంశం స్మృతి. తార్కికులు జ్ఞానాన్ని స్మృతి అనీ, అనుభవమనీ రెండుగా విభజించినారు. పూర్వానుభవం ఆత్మలో విడిచిన సంస్కారం నుండి మాత్రమే పుట్టేది స్మృతి. తద్భిన్నమైన జ్ఞానం అనుభవం. ఈ విభాగం దివ్య స్థితిని చక్కగా వివరిస్తుంది. మనోహర్ జీవించి లేడు. కనుక ఆమె ఎదుట ఇద్దరు పురుషులు లేరు. ఒక స్మృతి ఉన్నది, ఒక మనిషి ఉన్నాడు. ఆమె ఎదుటి మనిషిని చూడక, స్మృతి అనే తెర గుండా అతని నీడను మాత్రమే చూచింది. అతని స్పర్శ గొంగళిపురుగు ప్రాకినట్లున్నదని ఆమె నిష్ఠురంగా పలికిన మాటకు కారణం చంద్రకుమార్ గుణదోషాలు కావు. అతనిని గూర్చిన అనుభవం ఆమెకు ఇంకా కలుగనేలేదు.

స్మృతి కలిగి ఉండటం పాపమా? కాదు. సంస్కారం మన ఆజ్ఞకు లోబడి పుట్టదు, లోబడి నశింపదు. దానిని బలవంతంగా పెరికివేయబూనితే అది మరింత లోతుకు దిగుతుంది. ఈ సత్యాన్ని గ్రహించినవాడు చంద్రకుమార్. అతడు మనోహర్ పేరును నిషేధింపలేదు, ఆ ప్రేమను నిందింపలేదు, మరచిపొమ్మని ఆజ్ఞాపింపలేదు. నిత్యజీవనంలో తన ప్రవర్తన ద్వారా ఒక నూతన అనుభవానికి అవకాశం కల్పించినాడు. కర్మాగారపు వివాదంలో అతనిపై దాడి జరిగి, అతడు శయ్యాగతుడై, ఆమె పరిచర్య చేసే నాటికి, స్మృతి ప్రక్కన అనుభవం కూడా నిలబడింది. స్మృతి తొలగిపోలేదు, తెరగా ఉండటం మాత్రం మానింది.

ఇచ్చట మహాభారతంలోని అంబ వృత్తాంతాన్ని తలచుకొనడం ఆవశ్యకం. కాశీరాజపుత్రికను భీష్ముడు తన సోదరుని కొరకు స్వయంవర మండపం నుండి బలాత్కారంగా తీసికొనివచ్చినాడు. తాను సాళ్వుని మనసా వరించితినని ఆమె చెప్పగానే, భీష్ముడు పెద్దలతో ఆలోచించి ఆమెను సాళ్వుని వద్దకు పంపినాడు. అంతవరకు ధర్మం నడిచింది. కాని సాళ్వుడు, అన్యుడు గెలుచుకొనిపోయిన స్త్రీని స్వీకరింపనన్నాడు. తిరిగి వచ్చిన ఆమెకు హస్తినాపురంలోనూ స్థానం లభింపలేదు. ఒక స్త్రీ గతాన్ని సహింపలేని ఈ పురుషుల నడుమ ఆమె ప్రేమ పగగా పరిణమించి, జన్మాంతరంలో శిఖండి రూపంలో కురుక్షేత్రం వరకు వెంటాడింది. ఏ ఒక్కరైనా ఆమె గతాన్ని కళంకంగా కాక ఒక జీవితంలోని భాగంగా చూచి ఉంటే ఆ కథ వేరుగా ఉండేది. సాళ్వుడు చేయలేని పనిని చంద్రకుమార్ చేసినాడు. 'మౌనరాగం' గొప్పతనం ఇందులోనే ఉన్నదని నా అభిప్రాయం.

మూడవది త్యాగం. 1955 నాటి హిందూ వివాహ చట్టం పదునాలుగవ విభాగం సామాన్యంగా వివాహమైన తొలి సంవత్సరంలో విడాకుల వ్యాజ్యాన్ని అనుమతింపదు. మొదట ఈ గడువు మూడు సంవత్సరాలుండగా 1976లో ఒక సంవత్సరానికి తగ్గించినారు. చట్టం కాలాన్ని మాత్రమే ఇవ్వగలదు. ఆ కాలంలో భర్త తన హక్కును పట్టుకొని కూర్చుంటే, ఆ సంవత్సరం కారాగారమయ్యేది. చంద్రకుమార్ హక్కును విడిచినాడు గనుకనే అది పరిచయమైంది. త్యాగపూర్వకంగా అనుభవింపుమని ఈశావాస్యోపనిషత్తు ఉపదేశించిన భావానికి దాంపత్యంలో ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతం అరుదు. భార్య పరిగ్రహింపదగిన వస్తువు కాదని తెలిసినవానికే భార్య లభించింది.

అయినను చిత్రంలోని పాత్రలన్నీ నిర్దోషములని అనలేము. ఉత్తరార్ధంలో దివ్య తన ప్రేమను తెలుపబోయినా చంద్రకుమార్ ముఖం చాటుచేసి, ఆమెను మద్రాసుకు పంపివేయ సిద్ధపడతాడు. గీత పదునెనిమిదవ అధ్యాయంలో త్యాగం మూడు విధములని చెప్పబడింది. క్లేశభయంతో విడిచే త్యాగం రాజసం. దానికి త్యాగఫలం లేదు. చంద్రకుమార్ తొలి త్యాగం సాత్త్వికం, తుది త్యాగంలో రాజసచ్ఛాయ ఉన్నది. మరల గాయపడుదునేమో అన్న భయం ఔదార్యపు వేషం వేసుకొన్నది. అందుచేతనే రైల్వే స్టేషనులో మౌనాన్ని ఛేదించే భారం దివ్యపై పడింది. ఆమె విడాకుల పత్రాలను చింపి తన మనస్సును విప్పి చెప్పిన తరువాతనే అతడు కదలిన రైలు వెంట పరుగెత్తినాడు.

గమనింపుడు: వివాహ మండపంలో తండ్రి కొరకు మౌనంగా తల వంచిన యువతి, రైల్వే స్టేషనులో తన కొరకు తాను నోరు విప్పింది. నిజమైన పాణిగ్రహణం అప్పుడే జరిగింది. మొదటిది నిర్బంధం, రెండవది వరణం. వెళ్ళిపోవడానికి ద్వారం తెరచి ఉన్నది గనుకనే ఆమె ఉండిపోవడానికి విలువ కలిగింది. ఈ భేదాన్ని విస్మరించి ముగింపును మాత్రమే చూపి పెద్దల నిర్బంధాన్ని సమర్థింపజూచేవారు, ఆ ముగింపును సాధ్యం చేసిన కారణాన్నే కాదంటున్నారు. ఆ ఇంట చంద్రకుమార్‌కు బదులు ఒక సాళ్వుడు ఉండి ఉంటే ఏమయ్యేదో వారు యోచింపవలె. నిర్బంధించిన తల్లిదండ్రులకు వరుడు ఎట్టివాడవుతాడో ముందుగా తెలియదు. తెలిసినా, కుమార్తె మనస్సును పణంగా ఒడ్డే అధికారం వారికి లేదు.

కనుక ఈ చిత్రాన్ని హితబోధగా వినియోగింపదలచినవారు దానిని కన్యలకు గాక, వరులకూ జననీజనకులకూ వినిపింపవలె. కన్యను అడుగుడు, ఆమె సమాధానాన్ని వినుడు, ఆమె గతం చెప్పుకొంటే దానిని నేరాంగీకారంగా కాక విశ్వాసంగా స్వీకరింపుడు. సప్తపదిలోని ఏడవ అడుగు సఖ్యం కొరకని మన వివాహవిధి చెబుతున్నది. సఖ్యాన్ని ఆజ్ఞతో పుట్టింపగలవాడు లోకంలో లేడు.