దిద్దుదాం రండి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, హాస్టలు జ్ఞాపకాలు రాయాలా, చదువు గురించి నాలుగు మంచి మాటలు రాయాలా అని మేం నలుగురం చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. జ్ఞాపకాలు ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. సాంబారులో నీళ్ల గురించి, ట్రంకుపెట్టె తాళాల గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. అందుకని ఈసారి ఒక అభిప్రాయం చెప్పదలచుకున్నాం. ఇంగ్లీషు రాదని భయపడే హాస్టలు విద్యార్థి, ప్రపంచంలోని పెద్ద పెద్ద ఇంజినీర్లు రాసిన ఇంగ్లీషులో తప్పులు దిద్దగలడు. దిద్దాలి కూడా. ఇది నవ్వులాటకు అంటున్న మాట కాదు. మాలో ఒకడు ఆ పని చేశాడు. వాణ్ణి చూసి మిగతా ముగ్గురం చేశాం.

మేం 2016లో పదో తరగతి పూర్తిచేసి హాస్టలు వదిలాం. అప్పటికి మా ఇంగ్లీషు పేపర్లంటే ఎర్ర సిరాయే. 'రిసీవ్' అనే మాటలో 'ఇ' ముందా, 'ఐ' ముందా అన్నది చివరిదాకా మాకు తేలలేదు. తప్పు రాసినప్పుడల్లా వందసార్లు ఇంపొజిషన్. స్టడీ అవరులో ట్యూబ్‌లైటు కింద కూర్చుని ఆ ఒక్క మాటతోనే నోటుపుస్తకాలు నింపాం. సారు మా మంచికే చేశారు, కాదనం. కానీ స్పెల్లింగుతోపాటు ఇంకొకటి కూడా మా మనసులో నాటుకుపోయింది. ఇంగ్లీషు మనది కాదు, అందులో ఎక్కడ తప్పు కనబడినా అది మనదే అయి ఉంటుంది అనే భయం.

ఫీజు రీయింబర్స్‌మెంటు మీద బీటెక్‌లో చేరాక మావాడు ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాడు. విండోస్ కొనే స్తోమత లేక, ఉచితంగా దొరికే లినక్స్ వేసుకున్నాడు. దాని గుండెకాయ లాంటి కెర్నెల్‌ను 1991లో ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రాడు మొదలుపెట్టాడు. కెర్నెల్ అంటే ఇంగ్లీషులో గింజలోని పప్పు అని అర్థం. మన భాషలో చెప్పాలంటే అది వార్డెన్ గారి లాంటిది. వందమంది పిల్లలు, నాలుగు కుళాయిలు ఉన్నచోట ఎవరు ముందు, ఎవరికెంత, ఎవరి పెట్టె ఎవరు ముట్టుకోకూడదు అన్నది వార్డెన్ చూడాలి. కంప్యూటరులో ప్రాసెసరు సమయాన్ని, మెమరీని, డిస్కును ప్రోగ్రాములకు అలా పంచిపెట్టేది కెర్నెల్. మీ ఇళ్లలోని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది లినక్స్ కెర్నెలే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లన్నీ దానిమీదే నడుస్తున్నాయి. 2021లో అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యుటీ హెలికాప్టరులోనూ అదే ఉంది.

కెర్నెల్ కోడుతోపాటు 'డాక్యుమెంటేషన్' అనే ఫోల్డరు ఒకటి వస్తుంది. ఏ భాగం ఎలా పనిచేస్తుంది, దేన్ని ఎలా వాడాలి అని వివరించే ఫైళ్లు అందులో వేల సంఖ్యలో ఉన్నాయి. రాసినవాళ్లు ఎన్నో దేశాలవాళ్లు. చాలామందికి ఇంగ్లీషు మాతృభాష కాదు. అంతెందుకు, టోర్వాల్డ్స్ మాతృభాషే స్వీడిష్.

2021లో, ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో, మావాడు డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ ఫైళ్లు చదవసాగాడు. ఒకచోట 'ది' అనే మాట వెంటవెంటనే రెండుసార్లు కనిపించింది. ఇదేదో మనకు తెలియని గ్రామరు అనుకుని మాకు ఫోటో పంపాడు. మేమూ అలాగే అనుకున్నాం. 'అంత పెద్దవాళ్లు తప్పు రాస్తారా, దానికేదో అర్థం ఉండే ఉంటుంది' అన్నాం. రెండు రోజులు ఆ అర్థం కోసం వెతికాం. మూడోరోజు ఇంకో ఫైలులో 'రిసీవ్' కనబడింది. 'ఐ' ముందు, 'ఇ' వెనక! మేం వందసార్లు రాసిన మాట. దాంట్లో మాత్రం మమ్మల్ని ఎవరూ మోసం చెయ్యలేరు. ఆ రాత్రి ఫోన్లో నలుగురం ఎంత నవ్వామో చెప్పలేం.

తర్వాత తెలిసిందేమిటంటే, కెర్నెల్‌లోనే స్పెల్లింగు తప్పుల జాబితా ఫైలు ఒకటుంది. తప్పు మాట, దాని పక్కన ఒప్పు మాట, అలా వెయ్యికి పైగా వరుసలు. డెబియన్ అనే లినక్స్ పంపిణీవాళ్ల దగ్గర ఉన్న జాబితాతో మొదలుపెట్టి, కెర్నెల్‌లో దొరికినవి దొరికినట్టు చేర్చుకుంటూ పోయారు. ఎవరైనా మార్పు పంపేముందు పరీక్షించుకునే చెక్‌ప్యాచ్ అనే ప్రోగ్రాము ఆ జాబితానే చూస్తుంది. అందులో మన 'రిసీవ్' ఉంది, 'సెపరేట్' ఉంది, 'అకర్డ్' ఉంది. మన పేపర్లలో ఎర్ర సిరా పడ్డ మాటలే! ప్రపంచంలోని ఇంజినీర్లందరూ మనతోపాటు ఆ మాటల దగ్గరే తడబడ్డారన్నమాట. తేడా ఒక్కటే. వాళ్లు సిగ్గుపడి దాచుకోలేదు, జాబితా రాసి అందరికీ కనబడేట్టు పెట్టుకున్నారు.

ఒక్క అక్షరం దిద్దితే ఏమవుతుంది, అర్థమవుతూనే ఉంది కదా అని అడిగేవాళ్లున్నారు. ఇంగ్లీషులో పుట్టి పెరిగినవాడికి అర్థమవుతుంది. వాడు తప్పును చూడకుండానే దాటిపోతాడు. మాటమాటా కూడబలుక్కుని చదివేవాడికి అలా కాదు. తప్పు స్పెల్లింగు డిక్షనరీలో దొరకదు. ఒక 'నాట్' జారిపోతే చెయ్యకూడనిది చెయ్యమన్నట్టు అవుతుంది. ఇంకొక సంగతి. వేల ఫైళ్లలో ఒక విషయం ఎక్కడుందో కనుక్కోవడానికి గ్రెప్ అనే కమాండు వాడతారు. మాట తప్పుగా రాసి ఉంటే గ్రెప్ దాన్ని చూపించదు. ఉన్న విషయం లేనట్టే అవుతుంది. ఇలాంటి చిన్న దిద్దుబాట్లు పోగుచేయడానికే కెర్నెల్‌లో చాలా ఏళ్లపాటు ఒక మెయింటెయినర్ విడిగా ఉండేవారు. సరదాగా 'ట్రివియల్ ప్యాచ్ మంకీ' అనేవారు. ఆయన తీసుకునే వాటిలో డాక్యుమెంటేషన్ స్పెల్లింగులు, గ్రెప్‌ను తప్పుదోవ పట్టించే స్పెల్లింగులు మొదటి వరుసలో ఉండేవి. కాబట్టి నిదానంగా చదవడం మన లోపం కాదు. తప్పు పట్టుకోవడానికి ఆ నిదానమే కావాలి.

దిద్దే పద్ధతి కూడా చెబుతాం. పాత వాక్యం ముందు తీసివేత గుర్తు, కొత్త వాక్యం ముందు కూడిక గుర్తు ఉండే చీటీ లాంటిది తయారవుతుంది. దాన్ని ప్యాచ్ అంటారు. ఎందుకు మార్చామో ఒకటి రెండు వాక్యాలు రాసి, రంగులూ బొమ్మలూ లేని సాదా మెయిలులో పంపాలి. చివర 'సైన్డ్ ఆఫ్ బై' అని మన పేరు, మెయిలు చిరునామా రాయాలి. ఇది పంపే హక్కు నాకుంది, దీనికి బాధ్యత నాది అని ఒప్పుకునే సంతకం అది. 2004 నుంచి ఆ పద్ధతి ఉంది. టోర్వాల్డ్స్ దగ్గర్నుంచి మావాడి దాకా అందరికీ అదే సంతకం. మావాడి హాస్టలు దరఖాస్తు మీద వాళ్ల నాన్నది వేలిముద్ర. ఆ సంగతి వాడు ఎప్పుడూ ఎవరికీ చెప్పేవాడు కాదు. ఆ ప్యాచ్ పంపిన రోజు వాడే మాకు చెప్పాడు.

మొదటి మెయిలు సాదాగా లేదని తిరిగొచ్చింది. రెండోది చేరింది. అందులో మూడు దిద్దుబాట్లున్నాయి. మొదటి రెండూ బాగున్నాయి, మూడోది తప్పు కాదు, అది తీసేసి మళ్లీ పంపమని జవాబు వచ్చింది. మూడోది 'కలర్' అనే మాట. అందులో 'యు' ఉందని ల్యాప్‌టాప్ ఎర్రగీత గీసింది. బడిలో మనకు నేర్పింది 'యు'తోనే. అయినా ఎర్రగీత కనబడేసరికి మనం నేర్చుకున్నదే తప్పనుకుని 'యు' తీసేశాడు. కెర్నెల్ డాక్యుమెంటేషన్ నియమం ఏమిటంటే, బ్రిటిషు స్పెల్లింగు, అమెరికా స్పెల్లింగు రెండూ ఒప్పే. ఒకదాన్ని తీసి ఇంకొకటి పెట్టనక్కర్లేదు. ఫుల్‌స్టాపు తర్వాత ఖాళీ ఒకటా రెండా అన్న వాదన కూడా అక్కడ పెట్టుకోకూడదు.

ఈ నియమం మాకు చాలా నచ్చింది. తప్పు వేరు, తేడా వేరు. మన హాస్టలులో మనం సరిగ్గా ఇక్కడే పొరపాటు చేస్తాం. పక్క జిల్లా నుంచి వచ్చిన తమ్ముడి యాసకు నవ్వుతాం. వాడి మాట తప్పు కాదు, తేడా. తప్పు ఉంటే దిద్దండి, తేడా ఉంటే వినండి. తప్పయినా నవ్వి దిద్దకండి. మావాడికి వచ్చిన ఆ జవాబులో ఒక్క ఎగతాళి మాట కూడా లేదు. ఉండి ఉంటే వాడు మళ్లీ పంపేవాడు కాదు, మేమూ ఆ జోలికి పోయేవాళ్లం కాదు.

తప్పే అయినా దిద్దడానికి వీల్లేనివీ కొన్ని ఉంటాయి. కొత్త ఫైలు తయారుచేసే పాత సిస్టమ్ కాల్ పేరులో 'క్రియేట్'కు చివరి 'ఇ' లేదు. లినక్స్‌కు ముందున్న యూనిక్స్ నుంచి అలాగే వస్తోంది. యూనిక్స్ రూపకర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్‌ను, మళ్లీ మొదటినుంచి చేస్తే ఏం మారుస్తారని అడిగితే, దానికి ఆ 'ఇ' పెడతానన్నారట. ఇప్పుడు మారిస్తే దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాములు ఆగిపోతాయి. కాబట్టి చెయ్యి పెట్టేముందు అది ఎవరెవరికి ఆధారమో చూసుకోవాలి.

ఈ పనికి చెడ్డపేరు తెచ్చినవాళ్లు కూడా ఉన్నారని చెప్పకపోతే మేం నిజాయితీగా రాసినట్టు కాదు. 2020 అక్టోబరులో, నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో, అక్కర్లేని మాటలు ఇరికించి వేలకొద్దీ మార్పులు పంపారు. అందులో మన దేశం విద్యార్థుల పేరూ బాగానే వినబడింది. కార్యక్రమం నడుస్తుండగానే నిర్వాహకులు నియమాలు మార్చాల్సి వచ్చింది. 2021లో కెర్నెల్ డెవలపర్ ఒకరు, ఒక పెద్ద కంపెనీ ఉద్యోగులు లెక్క పెంచుకోవడానికే చిల్లర దిద్దుబాట్లు పంపుతున్నారని బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. ఇవాళ యంత్రం చేత నిమిషంలో వంద తప్పులు వెతికించవచ్చు. కానీ సంతకం యంత్రానిది కాదు, మనది. చదవకుండా సంతకం పెట్టేవాడు దిద్దేవాడు కాదు.

దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని తమ్ముళ్లు అడుగుతారు. స్పెల్లింగు దిద్దినంత మాత్రాన రాదు. అది గడప మాత్రమే. గడప మీద కూర్చుండిపోకూడదు. ఆ ఫైళ్లలో స్పెల్లింగు బాగుండి, విషయం పాతబడిపోయినవి ఎన్నో ఉన్నాయి. కోడు మారింది, రాత మారలేదు. అలాంటిది దిద్దాలంటే కోడు చదవాలి. అసలు చదువు అక్కడ మొదలవుతుంది. అనువాదాల ఫోల్డరులో చైనీసు, జపనీసు, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ ఉన్నాయి. మేం వెతికినప్పుడు తెలుగు కనబడలేదు. అది ఎవరో వచ్చి చేసే పని కాదని మా ఉద్దేశం.

కొత్తవాళ్ల కోసం రాసిపెట్టిన మార్గదర్శికలో ఒక మాట ఉంది. అక్షరదోషాలు దిద్దండి, సంతోషంగా తీసుకుంటాం, అయితే కొన్ని దిద్దాక పెద్ద పనికి వెళ్లి, మిగిలినవి వెనక వచ్చే కొత్తవాళ్లకు వదలండి అని దాని సారాంశం. ఇది చదివినప్పుడు మాకు మన మెస్సు గుర్తొచ్చింది. ముందు వరుసలో కూర్చున్న పెద్ద తరగతులవాళ్లు కూర మొత్తం ఊడ్చేసుకుంటే, చివరి వరుసలోని చిన్నపిల్లలకు పులుసే మిగిలేది. ఆ చివరి వరుసలో కూర్చున్నవాళ్లం మేం. అందుకే మేం నలుగురం తలా ఐదు దిద్దుబాట్లు దాటకూడదని మాట అనుకున్నాం. మిగిలినవి మీవి.

పలక మీద అక్షరాలు దిద్దించారు మనకు. దిద్దడమంటే నేర్చుకోవడమూ, సరిచేయడమూ రెండూనని మన భాషే చెబుతోంది. మొదలుపెట్టడానికి ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. ఈ సంచికలో అచ్చుతప్పులు తప్పకుండా ఉంటాయి, మా వ్యాసంలోనూ ఉంటాయి. పెన్సిలు తీసుకోండి. తప్పో తేడానో ఆలోచించి గుర్తు పెట్టండి. పక్కన మీ పేరు రాసి సంచిక సంపాదకులకు ఇవ్వండి. అన్నీ ఒక్కరే దిద్దెయ్యకండి. ఆరో తరగతి తమ్ముడికి రెండైనా వదలండి.