ముద్ర లేని యంత్రములు

ఐఫోనులో నడచు యాపును తయారుచేయ గోరు యువకుడు ముందుగా ఆ ఫోను కంపెనీవారి కంప్యూటరును కొనవలెనట! అతని యింట కంప్యూటరు లేకపోలేదు. తండ్రి యప్పుచేసి కొనిపెట్టిన లాప్‌టాపు బల్లమీదనే యున్నది. దాని శక్తికి కొఱత లేదు. కాని దానిమీద ఆపిల్ కంపెనీవారి ముద్ర లేదు. ఆ ముద్ర లేనిచో ఎక్స్‌కోడ్ అను పనిముట్టు అందులో నెక్కదు. ఎక్స్‌కోడ్ లేనిచో యాపు బజారునకు చేరదు. పనిముట్టు ఉచితమేయని కంపెనీవారు చాటుచున్నారు. గానుగ ఉచితము, ఎద్దును మాత్రము మావద్దనే కొనుడనుట ఏపాటి యౌదార్యమో పాఠకులే నిర్ణయింతురుగాక.

2008 జూలైలో ఆ యాపుల బజారు తెఱవబడినది మొదలు ఈ కట్టడి సాగుచునే యున్నది. ఆండ్రాయిడు పనిముట్లు విండోసు, లినక్సు, మాక్ మూటిమీదను నడచును. అచ్చటి ప్రవేశ రుసుము ఒక్కమారు 25 డాలర్లు. ఇచ్చట ఏటేట 99 డాలర్లు. యంత్రపు ఖరీదు అది గాక. గూగుల్ వారు ధర్మమూర్తులని మేమనుట లేదు; కమీషను విషయమున ఇరువురు నొక్క తానులోని ముక్కలే. కాని పనివాని పనిముట్టు విషయమున మాత్రము భేదము స్పష్టము.

ఈ కట్టడినుండి పుట్టినదే హాకింటాష్ అను విద్య. 2006లో ఆపిల్ వారు తమ కంప్యూటర్లను ఇంటెల్ చిప్పులపైకి మార్చిరి. నాటినుండి వారి యంత్రమునకును, వీధి దుకాణమున విడిభాగములు తెచ్చి కూర్చిన యంత్రమునకును ఎముకలలో భేదము లేకపోయెను. యంత్రము మేల్కొనునప్పుడు ఓపెన్‌కోర్ వంటి చిన్న ప్రోగ్రాము ముందుగా లేచి, ఇది మాక్ యంత్రమేయని సిస్టమును నమ్మించును. అసలు మాక్‌లో నుండవలసిన చిప్పొకటి లేనందున దాని వేషము నింకొక ప్రోగ్రాము ధరించును. ఇక వై-ఫై కొక రాత్రి, శబ్దమున కొక రాత్రి, నిద్రించిన యంత్రమును మరల లేపుట కింకొక రాత్రి. ఇంత శ్రమించి నిలబెట్టినది ఒక్క అప్‌డేటు రాగానే కూలవచ్చును. యాపును వ్రాయవలసిన చేతులు యంత్రమును మభ్యపెట్టుటతోనే అలసిపోవుచున్నవి. ఆ సిస్టములో కంపెనీవారు పెట్టిన యొక ఫైలు పేరును తెనిగించినచో, ‘మాక్ ఓయస్ ఎక్స్‌ను దొంగిలించకుము’ అని యగును. ఫైలుచేత నీతిబోధ చేయించుట మా యెఱుకలో నిదియే మొదలు.

ఈ దొంగతనపు మాటను వకీలు కంటితో చూడవలసియున్నది. అమెరికాలో సైస్టార్ అను ఫ్లోరిడా కంపెనీ ఇట్టి యంత్రములనే కూర్చి విక్రయించెను. 2008లో ఆపిల్ వారు వ్యాజ్యము వేసిరి; 2009 నవంబరులో కాలిఫోర్నియా న్యాయస్థానము వారి పక్షముననే తీర్పు చెప్పెను; 2011 సెప్టెంబరులో పై న్యాయస్థానము దానిని ఖాయపఱచెను. ఆ తీర్పును మేము తక్కువచేయము. అయితే సైస్టార్ వర్తకుడు. ప్రతులు తీసి అమ్ముకొన్నవాడు. మన యువకుడు సిస్టమును విక్రయించుట లేదు. తన సొంత యాపును కూర్చుకొనుచున్నాడు. మన 1957 నాటి కాపీరైటు చట్టము 52వ సెక్షను, స్వతంత్రముగా రచించిన ప్రోగ్రాము ఇతర ప్రోగ్రాములతో కలిసి నడచుటకు వలయు సమాచారమును, అది వేఱుగా సులభముగ లభింపనప్పుడు, న్యాయముగా ప్రతిని పొందినవాడు రాబట్టుకొనుటను మన్నించినది. అంతమాత్రమున హాకింటాష్ సర్వవిధముల రక్షింపబడినదని మేము వాదింపము. లైసెన్సు షరతును దాటుట ఒప్పందభంగము కావచ్చును. దానిని దొంగతనమనుట భాషకు ద్రోహము.

‘వస్తువు వారిది, షరతు వారిది’ అని కొందఱు పెద్దలు తేల్చివేయుచున్నారు. యువకుడు కోరునది వారి సిస్టముగాదు. తన డబ్బుతో ఫోను కొన్న మనుష్యునికి, తన బుద్ధితో చేసిన వస్తువును అందించు దారి కోరుచున్నాడు. ఆ దారికి మాక్ అనివార్యమా? యాపులను వ్రాయు స్విఫ్ట్ భాషను ఆపిల్ వారే 2015లో లోకమునకు తెఱచి యిచ్చిరి. అది లినక్సుపై నడచును, 2020 నుండి విండోసుపైనను నడచుచున్నది. 2021 డిసెంబరునుండి ఐప్యాడులోనే యాపును కూర్చి బజారునకు పంపవచ్చునని వారే చేసి చూపిరి. అనగా మాక్ లేకయే పని జరుగును. ముద్ర లేకయే జరుగదు! భద్రత కొఱకనుటయు నిలువదు. యాపులోని మంచిచెడ్డల తనిఖీ బజారు గుమ్మమువద్ద జరుగునే గాని, వ్రాయువాని బల్లమీద గాదు.

‘మాక్ మినీ 59,900 రూపాయలకే వచ్చినది గదా’ యందురు. 2024లో వచ్చిన మాట నిజమే. తెర, మీటలపలక వేఱుగా కొనవలెను. బందరులోనో, కరీంనగరములోనో చదువు ముగించి, ఇంకను ఒక్క రూపాయి రాబడి యెఱుగక మొదటి యాపును వ్రాయువానికి ఆ మొత్తము ‘కే’ యను అక్షరముతో ముగియదు. అద్దెకు తెచ్చుకొనుమందురా? అద్దె 24 గంటలకు తగ్గరాదని లైసెన్సు శాసించుచున్నది. దూరమున నున్న మాక్‌లపై మన కోడును కూర్చి పంపు సంస్థలు కలవు. ఆ దారి కొంత మేలే. కాని తప్పెక్కడ నున్నదో వెదకవలసిన వేళ యంత్రము కన్నుల యెదుట నుండదు.

ఇప్పుడీ చాటుమార్గమును మూతపడుచున్నది. 2020లో ఆపిల్ వారు సొంత చిప్పులకు మరలిరి. మాక్ ఓయస్ టాహోయే ఇంటెల్ యంత్రములకు తుదిదని 2025 జూన్‌లో ప్రకటించిరి. బజారో, పాత ఎక్స్‌కోడ్‌తో కూర్చిన యాపులను స్వీకరింపదు. 2025 ఏప్రిలునుండి 16వ ఎక్స్‌కోడ్ తప్పనిసరి యయ్యెను. వేషము వేసిన యంత్రములే గాదు, నిండు ధర చెల్లించి కొన్న పాత మాక్‌లును ఈ వరదలో కొట్టుకొనిపోవును. కావున రాత్రివేళ తలుపులు మూసి సాగించు నేర్పును ఇక నమ్ముకొని లాభము లేదు. అడుగవలసినది బహిరంగముగా అడుగవలెను.

శ్రీపెరుంబుదూరులో మన యాడపడుచుల చేతులు ఐఫోనును కూర్చుచున్నవి. ఆ ఫోనులోని యాపును కూర్చుటకు మాత్రము మన యింటి యంత్రము పనికిరాదా? ఐరోపావారి చట్టము 2024 మార్చిలో వేఱు బజారులకు దారి తీసినది గాని, పనిముట్టు జోలికి పోలేదు. అచ్చటను మాక్ తప్పలేదు. మన కాంపిటీషన్ కమీషను 2021 డిసెంబరు 31న ఆపిల్ వారి బజారుపై విచారణకు ఉత్తరువిచ్చెను. పనిముట్టును యంత్రమునుండి విడదీయుటయు విచార్యమేయని కమీషనుకు అర్జీలు పంపవలసినవారు యాపులు వ్రాయువారే. ముసాయిదాకు వకీళ్లు తోడ్పడవలెను. ఈలోగా ప్రతి ఇంజినీరింగు కళాశాలయు ప్రయోగశాలలో ఒక్క మాక్‌నైనను వంతులవారీగా విద్యార్థుల కియ్యవలెను. ఒక మాక్‌లో సిస్టముయొక్క రెండు అదనపు ప్రతులను నడుపుకొనుటకు లైసెన్సే సెలవిచ్చుచున్నది. ఆ సంగతి యెన్ని కళాశాలల ప్రిన్సిపాళ్లు చదివియుందురు?