కేబుల్ అన్న మీదే మన పౌరుషం

నెల మొదట్లో రసీదు పుస్తకం చంకలో పెట్టుకుని కేబుల్ అన్న వాకిట్లోకి వస్తే, గరిడేపల్లిలో ఏ ఇంట్లోనూ పైసలు ఒక్క మాటకు చేతికొచ్చేవి కావు. ‘మొన్న రెండు రోజులు బొమ్మే రాలేదు గదన్నా, ఇరవై తగ్గించుకో’ అనేవాళ్లం. ఆయన గొణిగేవాడు, వానొస్తే తిట్టుకుంటూనే స్తంభం ఎక్కేవాడు, ఆఖరికి ఇరవై కాకపోయినా పది తగ్గించుకునేవాడు. ఇప్పుడు ఆటోపే పేరు చెప్పి ఖాతాలోంచి డబ్బులు వాటంతటవే పోతున్నాయి. మెసేజ్ చూసుకుని ఫోన్ జేబులో పెట్టుకుంటున్నాం. బేరమాడ వీలున్న ఒక్క మనిషినీ సాగనంపి, అడిగే దిక్కే లేని చోట చేరాం. కంపెనీల తెలివిని తిట్టే ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి.

మొదటి తప్పు 2019 ఫిబ్రవరిలో జరిగింది. ఎవరికి కావలసిన ఛానెల్ వాళ్లు విడిగా ఎంచుకోవచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నిబంధనలు తెచ్చింది. ప్రతి ఛానెల్‌కూ ధర చెప్పాలి, 19 రూపాయలు దాటినదాన్ని బొకేలో కలపకూడదు. కేబుల్ అన్న కాగితమిచ్చి టిక్కులు పెట్టమన్నాడు. పొలం పత్రాలైతే అక్షరం అక్షరం చదివించుకునే వాళ్లమే ఆ కాగితాన్ని తిరగేసి కూడా చూడలేదు. ‘అందరికీ ఏది వేస్తే మాకూ అదే వెయ్యి’ అన్నాం. చూడని ఛానెళ్లన్నీ ఇంటికొచ్చాయి, బిల్లు పెరిగింది. మళ్లీ ఆయన్నే తిట్టాం.

తర్వాత ఉచితం వచ్చింది. ఐపీఎల్ 2023 నుంచి 2027 వరకు డిజిటల్ హక్కులకే వయాకామ్18 పెట్టింది 23,758 కోట్లు. టీవీ హక్కులకు స్టార్ ఇంచుమించు అంతే పెట్టింది. అంత పోసి కొన్నవాడు 2023లో తెలుగు వ్యాఖ్యానంతో సహా ఊరికే చూపిస్తుంటే, ఎందుకని ఒక్కరమూ అడగలేదు. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో చుట్టాలింటికెళ్లినా ఇదే గొప్ప: ‘మేం కేబుల్ తీసేశాం, అంతా ఫోన్లోనే.’ యాసంగి వడ్లు ఐకేపీ సెంటర్‌కు తోలి కాంటా కోసం కాపలా పడుకునే రాత్రుళ్లు, రాశుల మధ్య పట్టాల మీద ఎవరి ఫోన్ వాళ్ల ఛాతీ మీద. ఒకడి ఫోన్లో సిక్స్ పడ్డాక పక్కవాడి ఫోన్లో బౌలర్ పరుగు మొదలయ్యేది. నవ్వుకున్నాం గానీ, ఇంటిల్లిపాదికీ ఒక టీవీ పోయి తలకో ఫోన్, ఫోన్‌కో రీఛార్జి అయిందని లెక్క కట్టలేదు.

2024 నవంబరులో ఆ ఇద్దరు కొనుగోలుదారులూ ఒక్కటయ్యారు. 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ వచ్చింది. అప్పట్లో మొబైల్ ప్లాన్ మూడు నెలలకు 149, టీవీలో కావాలంటే 299 ఉండేది. ఆ విలీనానికి కాంపిటీషన్ కమిషన్ అనుమతిచ్చే ముందు ఒక మాట తీసుకుంది: క్రికెట్‌కు టీవీ ప్రకటనలనూ ఆన్‌లైన్ ప్రకటనలనూ ఒకే మూటగా కట్టి అమ్మకూడదని. సబ్బులమ్మేవాళ్ల బాధ అక్కడిదాకా చేరింది. చూసేవాళ్ల మూట గురించి మన వైపు నుంచి ఒక్క కార్డుముక్క కూడా వెళ్లినట్టు నేను వినలేదు. ట్రాయ్ చర్చా పత్రాలు పెట్టి అభిప్రాయాలు పంపమని అందరినీ అడుగుతుంది. మనం వాట్సాప్ గ్రూపుల్లో లింకులు అడుక్కున్నాం.

2025 సెప్టెంబరు 28 రాత్రి అదే చేశాం. దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్. మన హైదరాబాదు పిల్లాడు తిలక్ వర్మ 69 కొట్టి, ఔట్ కాకుండా నిలబడి పాకిస్తాన్ మీద గెలిపించాడు. ఆ మ్యాచ్ సోనీలివ్‌లో. పైసలు కట్టింది వేరే యాప్‌కి. ఎవరో టెలిగ్రామ్ లింకు పంపారు. దొంగ లింకని తెలుసు, తెలిసే నొక్కాం. మన ధర్మాగ్రహం అంతవరకే.

2007లో పార్లమెంటు చేసిన చట్టం ఒకటుంది. దాని ప్రకారం భారత పురుషుల క్రికెట్ జట్టు ఆడే వన్డేల, టీ20ల ప్రసారాన్ని దూరదర్శన్‌తో పంచుకోవాలి. ఆ సిగ్నల్‌ను దూరదర్శన్ తన సొంత ప్రసారానికీ, ఫ్రీ డిష్‌కీ తప్ప ప్రైవేటు కేబుల్‌కు ఇవ్వకూడదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆ మ్యాచ్‌లను టీవీలో నెల కిరాయి లేకుండా చూసే దారి ఫ్రీ డిష్. దాన్ని మనం పేదోళ్ల డిష్ అని డాబా మీంచి పీకేశాం. మా వీధిలో ఒకరింట్లో అది కోళ్లకు నూకలు పోసే పళ్లెమైంది. ఐపీఎల్ ఆ చట్టం కిందికి రాదు. రావాలని అడిగిన ఎంపీ అభ్యర్థిని గానీ, అడగమన్న ఓటరును గానీ నేను చూడలేదు. సాగర్ నీళ్ల కోసం రోడ్డెక్కిన ఊళ్లే ఇవన్నీ. ఆటకు రోడ్డెక్కాలని కాదు, ఒక అర్జీ చాలు.

రీఛార్జి షాపులో ‘హాట్‌స్టార్ వచ్చేది వెయ్యన్నా’ అంటాం. అందులో ఫోనుకెంత, ఆటకెంత అని విడదీసి అడగం. 2027తో ఐపీఎల్ హక్కుల గడువు తీరి మళ్లీ వేలం వస్తుంది. పోయినసారి ఒకరి మీద ఒకరు పాడుకున్న ఇద్దరూ ఈసారి ఒకే కంపెనీగా వస్తారు. ఆ పాట ఎంతకు పోయినా కట్టేది మనమే. ఈలోగా కేబుల్ అన్న కోదాడలో సీసీ కెమెరాలు బిగిస్తున్నాడట. ఆయనకు మా వీధిలో మూడు నెలల బాకీ ఇంకా ఉంది.