రెండు భాషల ఇంటికి ఎన్ని చందాలు?

టపాకాయల ఊళ్లకు దీపావళే సంవత్సరాంతం. 2021లో శివకాశితో కలిసి నగరపాలక సంస్థలో భాగమైన తిరుత్తంగల్ కూడా అలాంటి ఊరే. పండగ ముందు బోనసు చేతికొస్తుంది. పండగ వెళ్లాక పని పలచబడుతుంది, ఈశాన్య వానలు మొదలవుతాయి. ఇంట్లో టీవీ ఎక్కువసేపు మోగేది అప్పుడే. ఈసారి ఏ ఓటీటీకి డబ్బు కట్టాలన్న పంచాయతీ పడేదీ అప్పుడే.

ఆ పంచాయతీ తెలుగు ఇళ్లలో ఇంకాస్త పెద్దది. విరుదునగరం నుంచి కోవిల్‌పట్టి దాకా పరుచుకున్న ఈ నల్లరేగడిలో తరతరాలుగా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలున్నాయి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైచెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే. ఆయనకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం తెచ్చింది మాత్రం తమిళ నవల. 2011 జనగణనలో తమిళనాట తెలుగే మాతృభాష అని చెప్పినవారు 42 లక్షల పైచిలుకు. వారిలో చాలామందికి తెలుగు వింటే తెలుస్తుంది, మాట్లాడితే వస్తుంది, అక్షరం మాత్రం రాదు. ఇక్కడి హాళ్లకు తెలుగు సినిమా వచ్చినా ఎక్కువగా తమిళ మాటలు తొడుక్కునే వస్తుంది. ఇంట్లో టీవీ ముందు కూర్చుని, ఒక మీట నొక్కి, ఆ హీరో చేత మళ్లీ తెలుగు మాట్లాడించడం అవ్వకు చిన్న సంతోషమేమీ కాదు.

అయితే ఆ మీట ఏ యాప్‌లో ఉందో ముందు తెలియాలి. ‘పుష్ప’ మొదటి భాగం 2022 జనవరిలో ప్రైమ్ వీడియోకు వెళ్లింది. రెండో భాగం 2025 జనవరి 30న నెట్‌ఫ్లిక్స్‌లో దిగింది. ఒకే కథ, రెండు చందాలు. ‘ఆర్‌ఆర్‌ఆర్’ వ్యవహారం మరీ చిత్రం. 2022 మే 20న తెలుగు, తమిళ మాటల సినిమా జీ5కి చేరితే హిందీ సినిమా నెట్‌ఫ్లిక్స్‌కు పోయింది. హక్కులు భాషలవారీగా అమ్ముడవుతాయి కాబట్టి సినిమా కూడా భాషలవారీగా వేరుపడుతుంది. 2020 ఉగాదికి తెలుగు కోసం మొదలైన ఆహా, 2022 తమిళ సంవత్సరాదికి తమిళంలోకీ వచ్చింది. వ్యాపారం దృష్టిలో అవి రెండు మార్కెట్లు. తిరుత్తంగల్‌లో అవి ఒకే గదిలో, ఒకే రిమోటు కోసం పోట్లాడుకునే అవ్వా మనవడూ. ఈ లెక్కన నాగార్జున బిగ్‌బాస్‌నూ విజయ్ సేతుపతి బిగ్‌బాస్‌నూ ఒక్క చందాతో చూపించే జియోహాట్‌స్టార్ ఇంటి శాంతికి కొంత మేలే చేస్తోంది, ఆ షోల గురించి మన అభిప్రాయం ఏదైనా.

పాత కేబుల్ రోజుల్లో ఇంత ఆలోచన లేదు. 2011 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వ సంస్థ అరసు కేబుల్ నెలకు 70 రూపాయలకే కనెక్షన్ ఇచ్చింది. డబ్బు కోసం మనిషి గుమ్మం ముందుకొచ్చేవాడు. చేతిలో లేకపోతే ‘వచ్చే వారం రా తమ్ముడూ’ అనేవాళ్లం. చూడటం మానేశామంటే ఆ మాట అతనితోనే చెప్పేవాళ్లం. ఇప్పుడు ఎవరూ రారు, డబ్బే వెళ్లిపోతుంది. ఐపీఎల్ కోసం కట్టిన చందా ఫైనల్ ముగిశాక కూడా ఖాతాలోంచి తన వాటా తాను తీసుకుంటూనే ఉంటుంది.

రిజర్వు బ్యాంకు ఈ తీరును కొంత కట్టడి చేసింది. 2021 అక్టోబరు నుంచి, ఇలా తనంతట తాను కోసుకునే సొమ్ము గురించి 24 గంటల ముందే కబురు పెట్టాలి. కబురు వస్తోంది కూడా. కాకపోతే ఇంగ్లీషులో, పది రుణ ప్రకటనల నడుమ వస్తోంది. దాన్ని చదివేవారెవరు? ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే చందా ఆగిపోతుందని నమ్మేవాళ్లు ఇంకా ఎందరో. ఆగదు. యూపీఐతో కట్టి ఉంటే, డబ్బు పంపే యాప్‌లోనే ఆటోపే అన్న చోట మనం ఒప్పుకున్న మాండేట్లన్నీ వరుసగా కనిపిస్తాయి, అక్కడే రద్దు చేసుకోవచ్చు. కట్టిన గడువు తీరేదాకా బొమ్మ సాధారణంగా ఆగదు కాబట్టి, కట్టిన రోజే రద్దు చేసినా నష్టం లేదు. చేరడం సులువుగా, మానడం కష్టంగా ఉంచడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో పదమూడు మోసపు పోకడల్లో ఒకటిగా చేర్చింది. అయినా చేరే మీట మిలమిలలాడుతూనే ఉంది, మానే దారి నాలుగు తెరల వెనకే ఉంది.

మా మటుకు, ఏడాది చందా మీద అనుమానమే. నెలవారీగా కంటే చవక అన్నది నిజమే, ఏడాదంతా చూసేవారికి. ఆరు నెలలు పొద్దున పోయి రాత్రి అలసి వచ్చే ఇంటికి ఆ చవక ఎందుకు? పైగా ఏడాది కట్టినవాడు కట్టుబడిపోతాడు, అమ్మినవాడు కాదు. ప్రైమ్‌కు ఏడాదికి 1,499 రూపాయలు కట్టినవారికి 2025 జూన్ నుంచి సినిమా మధ్యలో ప్రకటనలు మొదలయ్యాయి. అవి వద్దంటే ఏడాదికి మరో 699. నెట్‌ఫ్లిక్స్ 2023 జులైలో ఒక ఖాతా ఒక ఇంటికే అంది. చెన్నైలో చదివే కొడుకు, రాజపాళయంలో కాపురమున్న కూతురు ఆ లెక్కలో ఇంటివాళ్లు కాకుండా పోయారు. ఉమ్మడి కుటుంబానికి హద్దు గీసే పని వైఫై చేతికి పోతుందని ఎవరనుకున్నారు!

అందుకని ఒకసారికి ఒకటి, అదీ ఒక నెలకు. పండగ తర్వాతి నెల ఒక యాప్, పొంగల్‌కు ఇంకోటి, ఎండాకాలం సెలవుల్లో రీచార్జ్‌తో ఏది కలిసొస్తే అది. కట్టి మానేసి మళ్లీ కట్టడంలో నామోషీ ఏమీ లేదు. అడగాల్సిందల్లా కంపెనీలనే. డబ్బు కట్టకముందే, ఏ సినిమాకు ఏయే భాషల్లో మాటలున్నాయో బొమ్మ కిందే చూపించాలి. ఆ భాషల పేర్లు తెలుగు చదవలేని తెలుగువారి కోసం తమిళ లిపిలో కూడా రాయాలి. పనిలో పనిగా ఆ 24 గంటల కబురునూ, రద్దు మీటనూ అదే లిపిలో పెట్టాలి.