తూనికయు వెలయు: సైకిలు పండ్లచక్రమును గూర్చి యొక విచారము

ఉస్మాన్‌గంజ్ తూనికల బజారు. పప్పులైనను ధాన్యమైనను కాటా నెక్కిన పిదపనే యిచ్చట వెల కట్టబడును. బరువు హెచ్చిన కొలది వెల హెచ్చుట గంజు ధర్మము. సైకిలు విడిభాగము లమ్ము అంగటిలో అడుగిడినంతనే యీ ధర్మము తలక్రిందులగును. అచ్చట బరువైనది చవుక, తేలికయైనది ప్రియము, మిక్కిలి తేలికయైనదాని వెల వినినచో గంజులోని సేట్లు సయితము కనుబొమలు పైకెత్తుదురు. వెనుక చక్రమున నుండు పండ్లచక్రము లరిగినప్పుడు బరువైన యుక్కుది వేయింపవలెనా, లేక యెక్కువ సొమ్మిచ్చి తేలికయైనది వేయింపవలెనా యని యిటీవల మన పై తరగతుల బాలురు తఱచుగా వాదించుచున్నారు. కొందఱు తలిదండ్రులు నన్నును అడిగిరి. తేలికదనమునకై సొమ్ము పోయుట మన విద్యార్థులకు తగదనియే నా యభిప్రాయము. దానికి కారణములు చెప్పెదను.

మొట్టమొదట పండ్లచక్రము ఏల యరుగునో తెలియవలెను. స్విట్జర్లండున జన్మించి మాంచెస్టరున స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో రోలరు గొలుసునకు పేటెంటు పొందెను. 1885లో జాన్ కెంప్ స్టార్లీ నిర్మించిన రోవరు సైకిలుతో, వెనుక చక్రమును గొలుసుచే త్రిప్పు పద్ధతి లోకమున వ్యాపించెను. నేడు మనమెక్కు సైకిళ్ళ గొలుసులలో ఒక సీలనుండి తరువాతి సీలకు దూరము అర అంగుళము. పండ్లచక్రమును ఆ కొలతకే కోయబడినది. ఈ రెండు కొలతలు ఒకటిగా నున్నంతకాలము బండి హాయిగా సాగును.

గొలుసు సాగినదని మనము వాడుకగా పలుకుదుము. నిజమునకు ఇనుము సాగలేదు. సీలకును దానిని చుట్టియుండు గొట్టమునకును నడుమ దారి దుమ్ము చేరి, నూనెతో గలిసి, సానపట్టు ముద్దవలె పనిచేయును. ఒక్కొక్క కీలున అరుగుదల వెండ్రుకవాసియే. కాని నూటికి పైబడిన కీళ్ళయందు అది కూడినపుడు గొలుసు మొత్తము అర అంగుళముదాక పొడవగును. అట్టి గొలుసు పండ్ల మొదళ్ళయందు కుదురుకొనక కొనలవైపునకు ఎగబ్రాకును. పలు పండ్లు పంచుకొనవలసిన బరువు ఒకటిరెండు పండ్లపై పడును. అవి యొకవైపున అరిగి, సొరచేప రెక్కవలె కొనదేలి వంగును. చిన్న పండ్లచక్రము మున్ముందుగా పాడగుటకు హేతువు నిదియే. అందు పనివారు తక్కువ, పని యొక్కటే.

కావున పండ్లచక్రమును గూర్చిన చర్చ గొలుసుతో మొదలుకావలెను. మనవారి యలవాటు వేఱు. గొలుసు వదులై జారుచుండగా దారిప్రక్క మరమ్మతు దుకాణమునకేగి, ఒక లంకె తీయించి బిగువు చేయింతురు. పది నిమిషముల పని, చిల్లర డబ్బులు. బండి మరల నడచును, యజమాని సంతోషించును. కాని మిగిలిన లంకెలు మునుపటివలెనే పొడవైయున్నవి గదా! లంకెలను తగ్గించినంతనే వాని సీలల నడిమి దూరము తగ్గునా? బిగువుగా నున్నదను నమ్మకముతో ఆ గొలుసునే యింకను కొన్ని మాసములు త్రొక్కుదురు. అది పండ్లను తీరికగా కోయుచుండును. మరమ్మతుచేయువాని నిందింపను. వాడు అడిగినది చేసినాడు. కొలిచి చెప్పుమని అడుగువారే లేరు.

కొలుచుటకు గొప్ప పరికర మక్కఱలేదు. జామెట్రీ పెట్టెలోని పదునైదు సెంటిమీటర్ల స్కేలు మాత్రము చాలదు. పండ్రెండంగుళముల ఇనుప స్కేలు కావలెను. గొలుసును బిగువుగా నుంచి, ఒక సీల నడిబొడ్డున సున్నను నిలిపి, దానిని ఒకటిగా లెక్కించుచు పోయినచో, ఇరువదియైదవ సీల నడిబొడ్డు సరిగా 12 అంగుళములకడ, అనగా 304.8 మిల్లీమీటర్లకడ, నుండవలెను. అది అంగుళములో పదునాఱవ వంతు మించినచో గొలుసు మార్చుటకు కాలము వచ్చినది. ఎనిమిదవ వంతు మించినచో పండ్లచక్రమును చాలవఱకు చెడియుండును. మొదటి గీతకడనే మేల్కొని గొలుసు మార్చువానికి ఒక పండ్లచక్రము రెండుమూడు గొలుసుల కాలము మన్నును. పొదుపంతయు ఈ రెండు గీతల నడుమనే యున్నది. లోహముల రకముల విచారము దీని తరువాతిది.

చెడిన పండ్లచక్రముపై క్రొత్త గొలుసు వేయుట మఱియొక పొరపాటు. సమానముగా పరుగిడునపుడు ఏమియు తెలియదు. లేచి నిలుచుండి బలముగా త్రొక్కినపుడు గొలుసు పండ్లపైనుండి ఎగిరి జారును. పాదము దిగ్గున క్రిందికి పోవును. మోకాలో రొమ్మో హాండిలునకు తగులును. అఫ్జల్‌గంజ్ దాటి నయాపూలు మీదుగా పోవు బాలుడు వెనుక బస్సు వచ్చుచుండగానే గదా లేచి త్రొక్కును! సంచుల బరువుతో పోవు కూలివానికి ఈ యపాయము ఇంకను హెచ్చు. గొలుసునకు ఇచ్చు సొమ్మును తలిదండ్రులు అలంకారపు ఖర్చుగా నెంచరాదు.

ఇక తేలికదనము మాట. ఒకే పండ్లచక్రము గల సాధారణపు సైకిలునకు ఈ చర్చయే లేదు. ఉక్కు ఫ్రీవీలు ఊరూర దొరకును, వెల స్వల్పము, మార్చుట సులభము. చిక్కంతయు గేర్ల సైకిళ్ళతో వచ్చినది. వానిలో పది పండ్రెండు పండ్లచక్రములు ఒక్క గుత్తిగా నుండును, దానినే క్యాసెట్టందురు. జపానులోని సకాయి పట్టణమున 1921లో స్థాపింపబడిన షిమానో సంస్థ చేయు పండ్రెండు చక్రముల గుత్తులను ఉదాహరణముగా గైకొందము. అన్నిటను 10 మొదలు 51 వఱకు పండ్లు. ఆ సంస్థవారి లెక్కలో డియోరు రకము 593 గ్రాములు, ఎస్.ఎల్.ఎక్స్. 534, ఎక్స్.టి. 470, అన్నిటికంటె పై రకమగు ఎక్స్.టి.ఆర్. 367. గొలుసు నొకటే, నడచు దూరము నొకటే. ఉక్కునకు మాఱుగా కొన్ని చక్రములు అల్యూమినియముతోను, పై రకమున మఱికొన్ని టైటేనియముతోను చేయుటయే భేదము. మొదటిదానికిని కడపటిదానికిని తూనికలో భేదము 226 గ్రాములు. వెలలో భేదము మూడు నాలుగు రెట్లు.

226 గ్రాములనగా ఒక గ్లాసు మంచినీళ్ళ బరువు. ఈ గ్లాసెడు నీళ్ళు మోయకుండుటవలన మన బాలునికి కలుగు లాభమెంత? బాలుడు 60 కిలోలు, సైకిలు 14, పుస్తకముల సంచి 6, వెరసి 80 కిలోలనుకొందము. అందు 226 గ్రాములు వెయ్యింట మూడవ పాలైనను కాదు. పది నిమిషములు పట్టు ఎగుడుదారిలో అదే బలముతో త్రొక్కినచో, మిగులు కాలము రెండు సెకండ్లకు లోపుగానే యుండును. చదునైన దారిలో మనకు అడ్డుపడునది ముఖ్యముగా గాలి; అచ్చట ఆ రెండు సెకండ్లును ఉండవు. పైగా ఈ పండ్లచక్రములు చక్రము నడిబొడ్డున నుండునవి. త్రిప్పుటకు కష్టము కలిగించునది అంచునందలి బరువు, అనగా రిమ్ముయు టైరును. తేలికకై సొమ్ము వెచ్చింపక తప్పదనువాడు అచ్చట వెచ్చించుట లెక్కకు తగును. అంతకంటెను చవుకైన యుపాయ మొకటి గలదు: ఆ దినమున పాఠములేని రెండు పుస్తకములను ఇంట నుంచి వచ్చుట.

మన్నికయందును ఈ బేరము కొనువానికి లాభము గాదు. అల్యూమినియము ఉక్కుకంటె మెత్తన. అందుచేతనే దానిని పండ్లెక్కువగల పెద్ద చక్రములకు మాత్రమే వాడుదురు. పలు పండ్లు బరువును పంచుకొనును గనుక అచ్చట కొంత నిలుచును. కాని ఎగుడుదారి యెక్కువగ త్రొక్కువాడు ఆ పెద్ద చక్రములనే వాడును, వానినే మొదట అరుగదీయును. మఱియొక చిక్కు. ఈ గుత్తులలో చాలవాటిని సీలలతో బిగించి ఒకటిగా జేయుదురు. పండ్రెండిటిలో రెండుమూడే అరిగినను తక్కినవానితోకూడ గుత్తి నంతను పారవేయవలసివచ్చును. ఒక గంప మామిడిపండ్లలో రెండు కుళ్ళినవని గంపనెల్ల పారబోయు గృహిణి నెవరైన చూచితిరా?

తేలికదనము నెల్ల ద్వేషించువాడనని చదువరులు తలపవలదు. పందెములలో పరుగిడువారికి రెండు సెకండ్లే జయాపజయములు కావచ్చును. అయినను అంతర్జాతీయ సైకిలు సంఘమువారు 2000వ సంవత్సరమునుండి పందెపు సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదని కట్టడి చేసియున్నారు. తేలికకును ఒక హద్దు గలదని వారును ఎఱుగుదురు. మన నగరపు బాహ్యవలయ మార్గము చెంత 2023 అక్టోబరులో తెఱువబడిన, 23 కిలోమీటర్ల పొడవున సౌరఫలకముల నీడగల సైకిలు బాటలో సరదాకు త్రొక్కువారు తమ సంపాదనతో ఏమి కొనుకొన్నను వారి యిష్టము. బరువే బలమను మన పాత నమ్మకమును నేను సమర్థింపను. మూడవ అంతస్తునకు సైకిలు నెత్తుకొనిపోవు పిల్లకు బరువు నిజమైన భారమే. కాని ఆమెకు కావలసినది తేలికైన ఫ్రేము. పండ్లచక్రమున తగ్గిన గ్లాసెడు నీళ్ళతో ఆమె మెట్ల శ్రమ తీరదు.

బాలురు చేయు మఱియొక పొదుపు నిచ్చట ముచ్చటింపక తప్పదు. బండి సొగసుగా కనబడుటకును బరువు తగ్గుటకును గొలుసుపై నుండు కవరును విప్పివేయుచున్నారు. పాతకాలపు పెద్ద సైకిళ్ళలో గొలుసునంతను కప్పెడి రేకుపెట్టె యుండెడిది. దానిని చూచి ఇప్పటివారు నవ్వుదురు గాని, దానిలోని గొలుసునకు వాననీరును దుమ్మును సులభముగా చేరెడివి కావు. కవరు తీసినవాని గొలుసునకు గంజు వీధులలోని దుమ్మంతయు ఆహారమగును. కొన్ని గ్రాములు తగ్గును. గొలుసును, దాని వెంట పండ్లచక్రమును ముందుగా పోవును. ఆడపిల్లల ఓణీలును చున్నీలును పండ్లలో చిక్కుకొనకుండ కాపాడునదియు ఆ రేకే గదా! తమ్ముడు విప్పివేసిన సైకిలునే అక్క యెక్కు నిండ్లలో తల్లులు ఈ మాట విచారింపవలెను.

ఇంత వ్రాసినందులకు ఒక పనియైన జరుగవలెనని నా కోరిక. మన పాఠశాల సైకిళ్ళ పాకలో ఒక పండ్రెండంగుళముల ఇనుప స్కేలును గొలుసుతో కట్టి వ్రేలాడదీయవలెను. ప్రతి టర్ము మొదటి వారమున సైన్సు తరగతివారు ఒక్కొక్క సైకిలు గొలుసును కొలిచి, పుస్తకములో వ్రాసి, గీత దాటినవారి యింటికి చీటి పంపవలెను. స్కేలు వెల ఒక గొలుసు వెలకంటె తక్కువ. చిన్న డబ్బాతో నూనెయు, తుడుచుటకు పాత గుడ్డలును ఉంచినచో మఱియు మంచిది. నూనె పోసిన పిదప పైనున్నదానిని తుడిచివేయుట మాత్రము మరువరాదు. తుడువని నూనె దుమ్మును పిలుచును. మొదటి వారమున ఉపాధ్యాయుల సైకిళ్ళతో ఆరంభించుట న్యాయము. వానిలో రెండింటికి పదునాఱవ వంతు దాటియుండునని, ప్రతి ఉదయము వాని చప్పుడు వినుచున్న నా యూహ.