నీలి గీతల్లో మన కారు

మార్చిలో ఒక ఆదివారం. విశాఖలో ఒక సమావేశ మందిరం. స్త్రీ శరీరం గురించి సాహిత్యం ఏం మాట్లాడింది అన్నది ఆ రోజు చర్చ. మేం నలుగురం ఒకే కారులో వెళ్ళాం. అప్పటికే ఆలస్యమైంది. గుమ్మానికి దగ్గర్లో, చక్రాల కుర్చీ బొమ్మ వేసి నీలిరంగు గీతలు గీసిన చోటు ఒక్కటే ఖాళీగా ఉంది. "ఇక్కడ పెట్టెయ్, ఇప్పుడెవరొస్తారు" అన్నారు వెనకసీట్లోంచి. అన్నదెవరో చెప్పను. నేను కాదు కానీ, నేను వద్దనలేదు.

మేం లోపలికి వెళ్ళాక ఒకామె వచ్చింది. నా స్నేహితురాలే. కవిత్వం రాస్తుంది. చిన్నప్పుడు పోలియో సోకి ఒక కాలు సన్నబడిపోయింది. పక్క చక్రాలు వేయించుకున్న స్కూటీ మీద గాజువాక నుంచి, లారీల మధ్య నుంచి వచ్చింది. నీలి గీతల్లో మా కారు ఉంది. టూవీలర్లు పెట్టే చోటు భవనం వెనకాల, పల్లంలో ఉంది. అక్కడినుంచి చేతికర్రతో ఎక్కి రావడం ఆమెవల్ల కాదు. ఆ కారు తీయించమని కాపలా మనిషిని అడిగింది. "నానేటి సెయ్యాల తల్లీ? పెద్దోల కార్లు. తియ్యమంటే నా ఉజ్జోగం పోద్ది" అన్నాడట. కాసేపు ఎండలో నిలబడి వెనక్కి వెళ్ళిపోయింది. ఆ సమయానికి లోపల మేం, వినబడని గొంతుల గురించి మాట్లాడుకుంటున్నాం.

సాయంత్రం ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడిగాను. జరిగింది చెప్పి, "ఆ తెల్లకారు ఎవరిదే?" అంది. "మాదే" అన్నాను.

ఇది నా పశ్చాత్తాపం చెప్పుకోవడానికి రాస్తున్న వ్యాసం కాదు. పశ్చాత్తాపం మనకి తేలిగ్గానే వస్తుంది, దాంతో మంచి కవిత కూడా వస్తుంది. నేను అడగదలచింది వేరు. ఆ చోటుని మనం ఏమనుకుంటున్నాం? మర్యాదా, హక్కా?

మన సమర్థింపులు ఎలా ఉంటాయో నాకు తెలుసు. "ఐదు నిమిషాలే." "ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది." "వాళ్ళొస్తే తీసేస్తాంగా." ఖాళీగా ఉండటమే ఆ చోటు చేసే పని. ఎప్పుడొస్తుందో తెలియని మనిషి కోసం అది ఎదురుచూస్తూ ఉండాలి. ఇక తీసేస్తామంటారా? మనం మూడో అంతస్తులో పత్రం చదువుతుంటే, కింద ఎండలో నిలబడ్డ మనిషి ఎవరిని వెతుక్కోవాలి? ఎంతమందిని బతిమాలాలి? హక్కుని బతిమాలి తెచ్చుకోవలసిన వస్తువుగా మార్చడానికి మనం తీసుకునేది ఆ ఐదు నిమిషాలే.

ఆర్టీసీ బస్సులో మన సీట్లు గుర్తు చేసుకోండి. స్త్రీలను గౌరవించడం సంప్రదాయమనీ, వాళ్ళ సీట్లలో వాళ్ళనే కూర్చోనివ్వాలనీ రాసి ఉండేది. దాన్నెంత వెక్కిరించాం మనం! మాకు గౌరవం వద్దు, సీటు కావాలన్నాం. "ఆడవాళ్ళెవరూ లేరు కదా అని కూర్చున్నానమ్మా" అన్న మగవాడితో ఎన్నిసార్లు గొడవపడ్డాం! సీటు ఇచ్చిన మగవాడు ఎందుకంత త్యాగం చేసినట్టు మొహం పెడతాడని ఎన్ని సభల్లో నవ్వుకున్నాం! కారెక్కగానే ఆ మగవాడి మాటే మన నోటినుంచి వచ్చింది. ఒక్క అక్షరం తేడా లేకుండా వచ్చింది.

చట్టం ఈ విషయాన్ని మర్యాద కింద రాయలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 41వ సెక్షను బస్టాపులు, రైల్వేస్టేషన్లు, విమానాశ్రయాలలో ఉండవలసిన సౌకర్యాలు చెబుతూ, మొట్టమొదట పార్కింగు చోటునే పేర్కొంది. భవనాల ప్రమాణాలు ప్రవేశద్వారానికి 30 మీటర్ల లోపు రెండు కార్ల చోటు ఉండాలనీ, ఒక్కోదాని వెడల్పు కనీసం 3.6 మీటర్లు ఉండాలనీ చెబుతాయి. ఆ వెడల్పు దర్జా కోసం కాదు. తలుపు పూర్తిగా తెరిచి, పక్కన చక్రాల కుర్చీ పెట్టుకుని, ఒంటిని అందులోకి జరుపుకోవడానికి. పక్క చోట్లో ఉన్నా సరే, మన కారు గీత మీదికి జరిగితే ఆ మనిషి దిగలేదు. 2024 నవంబరులో రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు, హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయం ఇచ్చిన నివేదికను ఆధారం చేసుకుని, ఇలాంటి ప్రమాణాలు వీలైతే పాటించే సలహాలుగా మిగిలిపోకూడదని తేల్చింది. తప్పనిసరి నియమాలు రాయమని ప్రభుత్వానికి మూడు నెలల గడువిచ్చింది. ఈలోగా ప్రభుత్వాలు 'దివ్యాంగులు', 'విభిన్న ప్రతిభావంతులు' అని పేర్లు పెట్టాయి. స్త్రీని దేవత అన్నవాళ్ళు ఆమెకి ఏం ఇచ్చారో మనకి తెలుసు. పేరు పెంచి చోటు తగ్గించడం పాత విద్యే.

ఈ మాట ఈ ఊళ్ళో మరీ గట్టిగా అనాలి. విశాఖ కొండలమీదా, వాలులమీదా ఉన్న ఊరు. పదడుగులు వేస్తే ఎత్తో పల్లమో తగులుతుంది. ఇక్కడ 30 మీటర్లంటే ఒక్కోసారి ఎక్కలేనంత దూరం. పైగా ఇది రేవు, ఉక్కు, షిప్‌యార్డు ఊరు. 2012 జూన్‌లో ఉక్కు కర్మాగారం పేలుడులో 19 మంది, 2020 ఆగస్టులో షిప్‌యార్డు క్రేను కూలి 11 మంది చనిపోయారు. చనిపోయినవాళ్ళ లెక్క మనకి గుర్తుంటుంది. వేళ్ళో, కాలో, చూపో పోగొట్టుకుని ఇంటికొచ్చిన వాళ్ళ లెక్క ఎవరికి గుర్తుంటుంది? 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం చేతి బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు అని పట్టిక వేసి పెట్టింది. ఆ శాతాలతో ఇల్లు నడిపింది భార్యలే. ఆ మనిషిని లేపి, నడిపించి, ఆటో ఎక్కించి, ఆస్పత్రి గుమ్మంలో దింపుకున్నదీ వాళ్ళే. అందుకని నీలి గీతలు కేవలం "వాళ్ళ" సమస్య అనడానికి లేదు. సేవ అనే పేరుతో స్త్రీలు ఊరికే చేసే చాకిరీలో కొంత ఆ గీతల దగ్గరే పడుతుంది.

ఇంకోటి. ఆ గీతలు కారున్న వికలాంగుణ్ణి ఊహించుకుని గీసినవి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. అందులో స్త్రీలు కోటీ 18 లక్షలు. వాళ్ళలో ఎందరికి కారుంటుంది? ఇంట్లో కారున్నా తాళం ఎవరి జేబులో ఉంటుంది? మన వాళ్ళు వచ్చేది పక్క చక్రాల స్కూటీ మీదా, మూడు చక్రాల బండి మీదా, ఆటోలోనూ. స్కూటీని చూడగానే "టూవీలర్లు అటు" అని వెనక్కి పంపేస్తారు. కారు ఉన్నవాళ్ళం ఆ చోటు ఆక్రమిస్తాం, కారు లేని వికలాంగురాలికి ఆ చోటు వర్తించదంటాం. ఇందులో జెండరూ ఉంది, వర్గమూ ఉంది.

అయితే నాలో కొత్తగా పుట్టిన ఉత్సాహాన్ని చూసి నాకే భయం వేసింది. ఆ తర్వాత ఒకసారి, ఒక పెద్ద దుకాణం ముందు నీలి గీతల్లో కారు ఆపి చకచకా నడిచి వెళ్తున్న అమ్మాయిని నిలదియ్యబోయాను. పక్కనున్న నా స్నేహితురాలే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆ పిల్ల ఒంట్లో ఏముందో నీకెలా తెలుసు?" అంది. నిజమే. 2016 చట్టం వైకల్యాలను ఏడు నుంచి 21కి పెంచింది. తలసేమియా, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధులూ, మల్టిపుల్ స్క్లెరోసిస్ కూడా అందులో ఉన్నాయి. పొద్దున నడిచిన మనిషి సాయంత్రానికి నడవలేకపోవచ్చు. నిన్ను చూస్తే అలా లేవే, ఏదీ రుజువు చూపించు అని దారినపోయే ప్రతివాళ్ళూ ఆడదాని ఒంటిని అడగడం మనకి కొత్తా? దాన్ని అగ్నిపరీక్ష అంటాం కదా! సదరం సర్టిఫికెట్టు కోసం ఆ మనుషులు ఎన్నిసార్లు బల్ల ముందు నిలబడ్డారో చాలు. కార్డు చూడటం, చోటు కాపాడటం ఆ భవనం యజమాని బాధ్యత, ట్రాఫిక్ పోలీసుల బాధ్యత. మన బాధ్యత మన కారు. ఎదుటి మనిషి మోకాలు కాదు.

మన సాహిత్యానికి కూడా ఈ ప్రశ్న తగులుతుంది. ఓల్గా 'సమాగమం' కథలో శూర్పణఖ, ముక్కూ చెవులూ కోసిన ఆ శరీరంతోనే, తోట పెంచుకుంటూ, సీతకు దారి చూపే స్త్రీగా నిలబడింది. మనం దాన్ని పాఠం చెప్పాం, పత్రాలు రాశాం, నేను నా సిద్ధాంత గ్రంథంలో పేజీలకు పేజీలు నింపాను. ఆ శూర్పణఖ ఆదివారం నాడు స్కూటీ మీద మన సభకి వస్తే? మెట్ల కింద ఉండిపోతుంది. కావ్యంలో వికృతమైన శరీరాన్ని విముక్తం చేసినవాళ్ళం, గుమ్మం ముందు ఆ శరీరానికి మూడున్నర మీటర్లు వదల్లేకపోయాం.

కాబట్టి నా మాట ఇది. సభ పెట్టేముందు హాలు అద్దె ఎంతని అడిగినట్టే, మెట్లెన్ని, ర్యాంపు ఉందా, గుమ్మం దగ్గర చోటుందా, స్కూటీని అక్కడికి రానిస్తారా అని అడగాలి. లేకపోతే ఆ హాలు వద్దనాలి. ఆహ్వానపత్రంలో ఆ వివరం రాయాలి. నీలి గీతల దగ్గర మనలో ఒకరు నిలబడాలి, కాపలా మనిషి ఉద్యోగం మీద ఆ భారం పెట్టకూడదు. ముఖ్య అతిథి కారైనా సరే, తియ్యమనాలి. ఆ మాట అనడానికి కావలసిన ధైర్యం వేదిక మీద మాట్లాడటానికి కావలసిన దానికంటే కొంచెం ఎక్కువే. వెనకసీట్లో కూర్చున్న నాకు ఆ రోజు అది లేదు.

ఈ వ్యాసం రాస్తున్నానని నా స్నేహితురాలికి చెప్పాను. "రాసుకో. నా పేరు మాత్రం పెట్టకు, మళ్ళీ సన్మానం చేస్తామంటారు" అంది. కాస్త ఆగి, "వచ్చే సభ ఎక్కడే?" అని అడిగింది.

హాలు ఇంకా ఖాయం కాలేదు. వెళ్ళి చూసి చెబుతానన్నాను.