ఛాయాచిత్రము లలితకళ యగునా?

మొన్న జనవరి మాసమున మా ఇబ్రహీంపట్నంలోని ఒక పాఠశాలలో విద్యార్థుల ప్రదర్శన జరిగినది. పిల్లలు గీసిన బొమ్మలు, మట్టిపనులు, అల్లికలు ఒక గదిలోను, విజ్ఞానశాస్త్రపు నమూనాలు వేరొక గదిలోను అమర్చినారు. నిర్ణేతలలో నేనొకడను. పదవ తరగతి చదువుచున్న ఒక బాలిక తన తండ్రి ఫోనుతో తీసిన ఛాయాచిత్రము నొకదానిని అట్టకు అంటించి తెచ్చినది. మా పెద్దచెరువు కట్ట, ప్రొద్దు వాలుచున్న వేళ. మేకలమంద కట్ట దిగి పోవుచున్నది. మందలో ఒకే ఒక్క మేక ఆగి, మెడ త్రిప్పి వెనుకకు చూచుచున్నది. కాపరి చిత్రములో లేడు. అతని నీడ మాత్రము పొడవుగా సాగి ఆ మేక కాళ్లదాక వచ్చినది.

ఈ చిత్రమునకు కళల గదిలో చోటు దొరకలేదు. "ఇది ఫోను తీసినది గాని అమ్మాయి గీసినది కాదు గదా" అన్నారు నిర్వాహకులు. దానిని విజ్ఞానశాస్త్రపు గదిలో, వర్షమాపకపు నమూనా ప్రక్కన నిలిపినారు. ఆనాడు చిత్రలేఖనమునకు ప్రథమ బహుమతి పొందినది చార్మినారు బొమ్మ. చక్కని బొమ్మయే, గీసిన బాలుని చేయి స్థిరమైనది. అయితే అది గోడ క్యాలెండరును ముందు పెట్టుకొని, గళ్లు గీసికొని, గడి వెంట గడి దించినది. ఆ క్యాలెండరు మీది చార్మినారు ఎవరో తీసిన ఛాయాచిత్రము! ఛాయాచిత్రమునకు నకలు కళయైనది, ఛాయాచిత్రము కళ కాకపోయినది. ఆ బహుమతుల పట్టికపై సంతకము చేసిన ముగ్గురిలో నేనును ఉన్నాను గనుక, ఇతరులను తప్పుపట్టు అధికారము నాకు లేదు. కాని ఆనాటినుండి ఆ విషయము నన్ను వదలలేదు.

నిర్వాహకుల అభ్యంతరము క్రొత్తది కాదు. 1839లో ఫ్రాన్సు దేశమున డాగెర్ పద్ధతిని లోకమునకు ప్రకటించినారు. ఇరువది ఏండ్లు తిరుగునంతలో, 1859లో, కవి బోద్లేర్ పారిస్ చిత్రప్రదర్శనను సమీక్షించుచు ఈ క్రొత్త యంత్రముపై విరుచుకుపడినాడు. చిత్రకారులు కాలేకపోయినవారికి ఇది ఆశ్రయమని, శాస్త్రములకును కళలకును పరిచారికగా పడియుండుటయే దీనికి తగునని అతని అభిప్రాయము. మా పాఠశాలలో ఆ చిత్రమును వర్షమాపకము ప్రక్కకు పంపినవారు బోద్లేర్‌ను చదివియుండరు. అయినను ఆయన తీర్పునే అమలు జరిపినారు.

చేతిపనియే కళకు ప్రమాణమైనచో గళ్లు గీసికొని దించిన బొమ్మకు ఎదురులేదు. కాని ఆ బొమ్మలో బాలుడు నిర్ణయించినది ఏమున్నది? చార్మినారును ఏ వైపునుండి చూడవలెనో, ఏ వేళ చూడవలెనో, చుట్టునున్న బండ్లను జనమును ఉంచవలెనో తీసివేయవలెనో, ఇవన్నియు క్యాలెండరు వాడు ముందే నిర్ణయించి పెట్టినాడు. బాలిక సంగతి వేరు. నేనడుగగా చెప్పినది: మూడు సాయంకాలములు కట్ట మీదికి పోయినదట. మొదటినాడు కాపరి నేరుగా ఎదుట నిలువబడి, తన ఫోటో తీయుమని మీసము దువ్వినాడట. రెండవనాడు మంద రాలేదు. మూడవనాడు ఆమె రెండు మెట్లు క్రిందికి దిగి, కాపరిని తప్పించి, అతని నీడ మాత్రము పడునట్లు నిలుచున్నది. మేక వెనుదిరుగుట ఆమె చేతిలో లేదు. అది తిరిగిన క్షణమున తాను సిద్ధముగా నుండుట ఆమె చేతిలో నున్నది.

ఇంతమాత్రమున మూడు సాయంకాలముల శ్రమయే దానిని కళ చేసినదని చెప్పుట లేదు. మూడు నెలలు కాచుకొని నిస్సారమైన చిత్రమును తీసినవారున్నారు. నడచుచు నడచుచు అర నిమిషములో అద్భుతమును పట్టినవారున్నారు. ఏది విడిచిపెట్టినారన్నదే ముఖ్యము. చిత్రకారుని యెదుట ఖాళీ కాగితముండును. అతడు ఒక్కొక్కటిగా చేర్చుకొనుచు పోవును. ఛాయాగ్రాహకుని యెదుట నిండిన లోకముండును. అతడు తీసివేయుచు రావలెను. కాపరి మీసమును విడిచిపెట్టి నీడను ఉంచుకొనుట బొమ్మ గీయుటకంటె తక్కువ పని యని నాకు తోచదు.

ఇచ్చట మరియొక భ్రమను గూర్చి చెప్పవలెను. ఛాయాచిత్రమును కళగా గుర్తింపజేయవలెనని పందొమ్మిదవ శతాబ్దాంతమున కొందరు ఒక ఉపాయము పన్నినారు: ఛాయాచిత్రము వర్ణచిత్రమువలె కనబడవలెను. మసకకటకములు వాడినారు, ముద్రణలో కుంచె గీతలు పెట్టినారు, పొగమంచును ఆశ్రయించినారు. అమెరికాలో ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1903లో స్థాపించిన 'కెమెరా వర్క్' పత్రిక తొలిదినములలో ఈ ధోరణినే పోషించినది. కాని 1917లో ఆ పత్రిక ముగియునాటికి స్టీగ్లిట్జే మనసు మార్చుకొని, ఏ మసకయు లేని పాల్ స్ట్రాండ్ చిత్రములతో చివరి సంచికను నింపినాడు. అరువు తెచ్చుకొన్న గౌరవము నిలువదని ఆయనకు బోధపడినది. మనవారికి ఇంకను బోధపడినట్లు లేదు. ఏ పోటీకి పోయినను నలుపుతెలుపు చేసిన ముసలివారి ముడుతలు, బీడీపొగ, చేతులు జోడించిన సాధువులు బారులు తీరియుందురు. రంగు తీసివేసినంతమాత్రాన కళ వచ్చునట్లైతే, మన ఆధార్ కార్డుల నకళ్లన్నియు కళాఖండములే.

మన ప్రాంతములో ఈ ప్రశ్నకు అత్యుత్తమమైన సాక్షి రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్ సంస్థానపు మరామతు శాఖలో ఉద్యోగము చేసినవాడు. కెమెరా ఆయనకు మొదట సరదా. తరువాత ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై సికింద్రాబాదులో స్టూడియో పెట్టినాడు. నిజాము ఆయనకు 'ముసవ్విర్ జంగ్' అను బిరుదు నిచ్చినాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. ఛాయాగ్రాహకునికి చిత్రకారుడను పేరు పెట్టుటకు ఆ ప్రభువు పందొమ్మిదవ శతాబ్దములో సంకోచింపలేదు; ఇరువది యొకటవ శతాబ్దములో మేము ముగ్గురు నిర్ణేతలము సంకోచించినాము. 1892లో దీన్ దయాళ్ హైదరాబాదులో స్త్రీలకు ప్రత్యేకముగా జనానా స్టూడియోను తెరిచి, ఒక ఆంగ్లవనితను దానికి అధికారిణిగా నియమించినాడు. పరదా చాటునుండు స్త్రీలు అచ్చట నిర్భయముగా చిత్రములు తీయించుకొన్నారు.

దీన్ దయాళ్ తాను కళాసృష్టి చేయుచున్నానని ఎన్నడైన తలచినాడో లేదో గాని, ఆయన చిత్రములలో అధికభాగము ఎవరో పురమాయించినవి. రాజభవనములు, సైన్యపు కవాతులు, వేటలు, కరవు సహాయపు పనులు, దొరల విందులు: పురమాయించినవారికి వానితో పని ఉండెను. 1902 ప్రాంతమున వైసరాయి కర్జను ప్రభువు సతీసమేతముగా నిజాము రాజ్యములో వేటకు వచ్చినప్పటి చిత్రమును చాలమంది చూచియుందురు. చచ్చిన పెద్దపులి ముందర పడియున్నది, వెనుక దంపతులు. ఆ చిత్రము తీయించిన ఉద్దేశము ఏలికల పరాక్రమమును చాటుట. ఆ ఏలికలు పోయినారు, ఆ సామ్రాజ్యము పోయినది, చిత్రము మిగిలినది. ఇప్పుడు దానిని చూచువాని కన్ను ముందుగా పోవునది దొరవైపు కాదు, పులివైపు. పురమాయించిన పని తీరిపోయిన తరువాత కూడ ఆ చిత్రము మనకు చెప్పవలసినది చెప్పుచునే యున్నది. ఒక ఛాయాచిత్రము కళ యగునో కాదో తేల్చుకొనుటకు నాకు కనబడుచున్న కొలతబద్ద ఇది: దేనికొరకు తీసినారో ఆ అక్కర తీరిన పిదప అందు చూడదగినది ఇంకేమైన మిగిలినదా? దీన్ దయాళ్ 1905లో కాలధర్మము చెందినాడు. ఆయన గాజుపలకలు 2,800కు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రములో భద్రముగా నున్నవి. వాని స్థానము కళాకేంద్రములోనే గాని ఏ మరామతు శాఖ దఫ్తరులోను కాదు.

చట్టము ఏమనుచున్నదని ఉపాధ్యాయమిత్రు లొకరు అడిగినారు. మన 1957 నాటి కాపీరైటు చట్టము వర్ణచిత్రము, శిల్పము, రేఖాచిత్రములతో పాటు ఛాయాచిత్రమును కూడ కళాకృతుల జాబితాలోనే చేర్చినది. అందు కళాగుణ మున్నను లేకున్నను అని స్పష్టముగా వ్రాసినది కూడ. కనుక చట్టము మన తగవు తీర్చలేదు. తనకు అక్కరలేదని ప్రక్కకు తొలగినది. దాని ధ్యాస హక్కుల మీదనే. ఛాయాచిత్రమునకు కర్త దానిని తీసినవాడే. కాని డబ్బిచ్చి తీయించుకొన్నప్పుడు, వేరు ఒప్పందము లేనిచో, తొలి హక్కుదారు డబ్బిచ్చినవాడు. పెండ్లిచిత్రములు తీయు మన స్టూడియోవారిలో ఈ సంగతి తెలిసినవారు అరుదు. 2012 సవరణకు పూర్వము ఛాయాచిత్రముపై హక్కు ప్రచురణనుండి లెక్కించి 60 ఏండ్లు మాత్రమే ఉండెను. ఆ సవరణతో ఇతర కళాకృతులవలె కర్త జీవితకాలమును, ఆపై 60 ఏండ్లును అయినది. పంక్తిలో కడపట కూర్చుండబెట్టిన అతిథికి ఇన్నాళ్లకు అందరితో సమానముగా విస్తరి వేసినట్లైనది.

వార్తాచిత్రములు కళ కావచ్చునా అను ప్రశ్న ఇంతకంటె క్లిష్టమైనది. 1943 నాటి వంగదేశపు కరవులో సునీల్ జానా అను యువకుడు, కమ్యూనిస్టు నాయకుడు పి.సి. జోషీ వెంట తిరిగి, ఆకలిచావులను కెమెరాలో బంధించినాడు. ఆ చిత్రములు పార్టీ పత్రికలో పడి దేశమును కదిలించినవి. వానిలో వెలుగునీడల కూర్పు ఉన్నది, ఆకృతుల పొందిక ఉన్నది. ఎముకలగూడైన మనిషిని చూచి 'ఎంత చక్కని కూర్పు' అనుటకు నోరు రాదు. రాకూడదు కూడ. కాని ఆ కూర్పే లేకున్నచో మనము ఆ పుట త్రిప్పివేసియుందుము. సౌందర్యము అచ్చట మన కన్నును పట్టి నిలిపినది. అంతకుమించి దానికి ప్రత్యేక గౌరవము అడుగలేదు. ఈ సంకటము నుండి నాకు పూర్తిగా బయటపడు దారి కనబడలేదు. వరంగల్లువాడైన భరత్ భూషణ్ మాత్రము వేరొక దారి పట్టినాడు. పత్రికలకు పనిచేయుచునే తెలంగాణ పల్లెల వాకిళ్లను, బతుకమ్మలను, స్త్రీల నిత్యకృత్యములను ఏండ్ల తరబడి తీసినాడు. 2022 జనవరిలో ఆయన కన్నుమూసినాడు. ఆయన తీసిన వాకిళ్లవంటివి మన పల్లెలలో ఇప్పుడు వెదకినను దొరకుట కష్టము.

ఇటీవల ఈ వాదమంతయు మరియొక మలుపు తిరిగినది. 2023లో సోనీ ప్రపంచ ఛాయాచిత్ర పోటీలో ఒక విభాగమున బహుమతి పొందిన జర్మనీవాడు బోరిస్ ఎల్డాగ్సెన్, తన చిత్రము కెమెరాతో తీసినది కాదని, కృత్రిమమేధ కల్పించినదని తానే ప్రకటించి బహుమతిని తిరస్కరించినాడు. రెండును వేరువేరు జాతులని, ఒకే పోటీలో నిలుపరాదని ఆయన వాదము. 2024లో దీనికి తలక్రిందుగా మైల్స్ ఆస్ట్రే అను ఛాయాగ్రాహకుడు, తల కనబడకుండ ముడుచుకొన్న ఒక ఫ్లెమింగో పక్షి యొక్క నిజమైన ఛాయాచిత్రమును కృత్రిమమేధ విభాగమునకు పంపినాడు. అది బహుమతి గెలిచినది. నిజము తెలిసి తొలగించినారు. నిజమైనదగుటయే దాని నేరము! నిన్నటిదాక ఛాయాచిత్రమును 'యంత్రము చేసినది' అని త్రోసిపుచ్చినవారు నేడు, 'ఇది నిజముగా ఎవరైన నిలుచుండి తీసినదేనా?' అని ఆత్రముగా అడుగుచున్నారు. ఆ ప్రశ్నలోనే వారి పాత అభ్యంతరమునకు సమాధానమున్నది. మా చెరువుకట్టపై మేకలమందను కల్పించి యిమ్మని యంత్రము నడిగిన అర నిమిషములో ఇచ్చును. మేక వెనుదిరుగును, నీడయు పడును. కాని ఆ మెట్లు దిగినవారెవరు? తప్పుకొమ్మని కాపరికి ఎవరు చెప్పినారు?

దీనివలన మన బడులకు కలుగు నష్టము చిన్నది కాదు. హైదరాబాదులో మాసబ్ ట్యాంకు వద్దనున్న జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయములో చిత్రలేఖనము, శిల్పములతో పాటు ఛాయాగ్రహణమునకు కూడ లలితకళా పట్టభద్రత కలదు. దానికి ప్రత్యేక ప్రవేశపరీక్ష. 2015 నుండి హైదరాబాదులో భారత ఛాయాచిత్రోత్సవము జరుగుచున్నది. మాదాపురములోని రాష్ట్ర కళాభవనపు గోడలపై దేశదేశముల ఛాయాచిత్రములు వ్రేలాడినవి. ఇబ్రహీంపట్నము నుండి నగరమునకు సాగర్ రోడ్డున బస్సెక్కిన గంటన్నర ప్రయాణము. విశ్వవిద్యాలయము కళ యన్నదానిని మన బడి కళ కాదన్నచో, ఆ బస్సు ఎక్కవలెనని పిల్లలకు తోచునది ఎట్లు? వచ్చు ఏడాదినుండి ప్రదర్శనలో ఛాయాచిత్రములకు కళల గదిలోనే ఒక గోడ కేటాయించవలెనని, చూచి దించిన బొమ్మలకు ఆ సంగతి చీటీపై వ్రాయవలెనని నేను నిర్వాహకులకు లేఖ వ్రాసినాను. మొదటి కోరికను ఆలోచించెదమన్నారు. రెండవదానికి చిత్రలేఖనపు మాస్టరుగారు నొచ్చుకొన్నారు.

అయినను ఆయన మంచివారు. క్రిందటి వారము విజ్ఞానశాస్త్రపు గదికి ఏదో పనిమీద పోయి, వర్షమాపకము ప్రక్కన ఇంకను అట్లే యున్న ఆ చిత్రము ముందు చాలసేపు నిలుచున్నారట. సాయంకాలము నాకు బజారులో ఎదురై, మరేమియు మాటలాడక, "అవునండీ, ఆ మేక వెనుకకు తిరిగి దేనిని చూచుచున్నదంటారు?" అని అడిగినారు.